మియాటా మలుపుల్లో హుషారుగా తిరగాలి, నడుం మాత్రం విరగకూడదు: సస్పెన్షన్ సర్దుకోవడం ఎలా

పోయినేడు మా నాన్న తెనాలి నుంచి డాలస్ వచ్చాడు. వచ్చిన మూడో రోజు బెండకాయలు, గోంగూర తెద్దామని నా మియాటాలో (మాజ్డా వాళ్ల రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు) ఎక్కించుకుని బయల్దేరాను. ఇక్కడ ఫ్రీవేలు చాలావరకు కాంక్రీటు పలకలతో వేసినవి, పలకకీ పలకకీ మధ్య అతుకు ఉంటుంది, ఆ అతుకు దాటిన ప్రతిసారీ నా కారు దబ్బుమని కొట్టేది. దుకాణం దగ్గర దిగి నడుం పట్టుకుని, "ఎడ్లబండిలో అయినా కింద వరిగడ్డి పరుస్తారు కదరా" అన్నాడు.

నవ్వేశాను గానీ లోపల గుచ్చుకుంది, ఎందుకంటే ఆ కారుని అలా చేసింది నేనే. 2002 మోడల్ మాజ్డా మియాటా, రెండో తరం, అందరూ ఎన్‌బీ అంటారు. కొన్నప్పుడు మామూలుగానే ఉండేది, మలుపుల్లో కాస్త ఒరిగేది, అంతే. నేను ఆగలేక చవకలో దొరికిన కాయిలోవర్ సెట్ (షాక్ అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగు ఉండి, ఎత్తు సర్దుకోగలిగేది) ఒకటి తెప్పించి, ముందు మిల్లీమీటరుకి 10 కేజీల స్ప్రింగులు, అంటే ఒక్క మిల్లీమీటరు నలగాలంటే 10 కేజీల బరువు కావాల్సినవి, వేసి, కారుని రెండు అంగుళాలు కిందకి దించేశాను. ఫొటోల్లో భలే ఉండేది. రోడ్డు నున్నగా ఉన్నంతసేపు బాగానే పోయేది కూడా. కానీ మలుపు మధ్యలో చిన్న ఎత్తుపల్లం తగిలితే వెనక చక్రాలు పక్కకి ఎగిరేవి, అంటే సౌకర్యమూ పోయింది, పట్టూ పోయింది.

అక్కణ్ణుంచి దాదాపు ఏడాది పాటు విప్పడం, బిగించడం, మళ్లీ విప్పడం. అందులో నాకు తేలిందేమిటంటే, కారు కుదిపేస్తోంది అంటే స్ప్రింగ్ గట్టిదైపోయిందని అనుకుంటాం గానీ, చాలా కార్లలో అసలు దెబ్బ కొడుతున్నది అది కాదు. చక్రం పైకి లేవడానికి చోటు అయిపోయి బంప్ స్టాప్‌కి (చక్రాన్ని చివర్లో ఆపే రబ్బరు లేదా నురుగు ముక్క) కొట్టుకోవడం. కాబట్టి గట్టిదనం కొనుక్కునే ముందు చోటు సంపాదించుకోవాలి. కింద చెప్పేదంతా ఈ వరసలోనే ఉంటుంది. నేను చెప్పే అంకెలు మియాటావి, పద్ధతి మాత్రం ఏ స్పోర్ట్స్ కారుకైనా పనికొస్తుంది.

ముందుగా డబ్బు ఖర్చు లేని పని. టైర్లలో గాలి చూడండి. నా కారు డోర్ దగ్గరి స్టికర్ మీద 26 పీఎస్ఐ అని ఉంటుంది. టైర్లు మార్చిన ప్రతిసారీ షాపువాళ్లు అలవాటుగా 35 కొట్టి పంపిస్తారు, ఎందుకంటే వాళ్ల దగ్గరికి వచ్చే మామూలు సెడాన్లకి, ఎస్‌యూవీలకి అంత కావాలి. టన్ను మీద కొంచెం ఉండే ఈ బుల్లి కారుకి 35 అంటే టైరు రాయిలా అయిపోతుంది. టైరు కూడా స్ప్రింగే కదా, పైగా దానికి ఊగుడు ఆపే షాక్ అబ్జార్బర్ లేదు. పొద్దున్నే కారు కదపక ముందు, చల్లటి టైరు మీద కొలిచి 26కి దించి ఒకసారి నడిపి చూడండి, సగం మందికి సమస్య ఇక్కడే సగం తీరుతుంది.

చక్రం సైజు కూడా ఇదే లెక్క. నా కారుకి కంపెనీ ఇచ్చింది 195/50 ఆర్15, అంటే టైరు వెడల్పు 195 మిల్లీమీటర్లు, పక్కగోడ అందులో 50 శాతం, చక్రం 15 అంగుళాలు. దాని పక్కగోడ ఎత్తు 97 మిల్లీమీటర్ల పైన ఉంటుంది. షోకు కోసం 17 అంగుళాల చక్రాలు వేసి 205/40 టైరు తొడిగితే పక్కగోడ 82కి పడిపోతుంది, పైగా చక్రం బరువూ పెరుగుతుంది. బరువైన చక్రం గుంతలో పడితే దాన్ని ఆపడానికి షాక్ తంటాలు పడాలి. నన్నడిగితే పాత మియాటాకి 15 దాటొద్దు, మీకు 17 అందంగా కనిపిస్తే అది మీ ఇష్టం, కానీ తర్వాత స్ప్రింగులని తిట్టుకోకండి.

తర్వాత పాత రబ్బరు. ఇరవై ఏళ్ల కారులో చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ ఆర్మ్‌ల చివర రబ్బరు బుష్‌లు బీటలు వారి ఉంటాయి, షాకులు చచ్చిపోయి ఉంటాయి. చచ్చిన షాకు ఉన్న కారు మెత్తగా ఉంటుందనుకుంటారు చాలామంది. ఉండదు. గుంతలో పడితే ఆపేవాడు లేక నేరుగా పోయి బంప్ స్టాప్‌ని గుద్దుతుంది, తర్వాత రెండు మూడు సార్లు ఊగుతుంది. ఊగుడూ ఉండి, గుద్దుడూ ఉంటే మాత్రం మొదట షాకులనే అనుమానించండి.

బుష్‌ల గురించి ఒక మాట, ఇది నాకు ఎవరూ చెప్పలేదు, నా ఖర్మ కొద్దీ నేర్చుకున్నాను. ఈ బుష్‌లలో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అంటుకుని ఉంటుంది, ఆర్మ్ పైకీ కిందకీ కదిలినప్పుడు రబ్బరు మెలి తిరుగుతుంది. కారుని జాకీ మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా బోల్టులు బిగించేశారనుకోండి, కారు కిందకి దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, స్ప్రింగుకి తోడు ఇంకో స్ప్రింగు అన్నట్టు. రైడ్ గట్టిపడుతుంది, బుష్ త్వరగా చిరుగుతుంది. కారుని దించిన తర్వాత కూడా ఇదే బాధ. మందు సులువు. కారు నాలుగు చక్రాల మీదా నిలబడి ఉండగా, కింద ర్యాంపులు పెట్టుకుని, ఆర్మ్‌ల బోల్టులు ఒక్కొక్కటే వదులు చేసి, కారుని రెండు మూడు సార్లు చేత్తో నొక్కి ఊపి, మళ్లీ బిగించాలి. నేను ఒక ఆదివారం మధ్యాహ్నమంతా ఈ పని చేశాను. ఒక బోల్టు వదులవగానే "టక్" మని శబ్దం వచ్చి ఆ మూల కారు కొద్దిగా కిందకి దిగింది, ఎన్నాళ్లుగా మెలితిరిగి ఉందో ఏమో. కింది ఆర్మ్‌ల బోల్టులలోనే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) సర్దే క్యామ్‌లు ఉంటాయి, కాబట్టి వదులు చేసే ముందు పెయింట్ పెన్నుతో గుర్తు పెట్టుకోండి, తర్వాత ఎలాగూ అలైన్‌మెంట్ చేయించాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. మీ కారుకి ఎంత చోటు ఉందో కొలవాలి. దీనికి కావలసింది పది సెంట్ల జిప్ టై. షాకు పైనున్న దుమ్ము తొడుగు పైకి లేపితే మెరిసే రాడ్డు కనిపిస్తుంది. కారు నేల మీద నిలబడి ఉండగా ఆ రాడ్డు చుట్టూ జిప్ టై వేసి, మరీ బిగుతుగా కాకుండా, వేలితో నెడితే జరిగేలా ఉంచి, షాకు డబ్బాని ఆనుకునేట్టు కిందకి జరపండి. రోజూ ఆఫీసుకి వెళ్లే దారిలో ఒకసారి నడిపి రండి. చక్రం పైకి లేచినప్పుడల్లా డబ్బా ఆ టైని పైకి తోస్తుంది, చక్రం దిగాక టై అక్కడే ఉండిపోతుంది. డబ్బాకీ టైకీ మధ్య దూరం ఎంతో, మీరు వాడిన చోటు అంత. టైకీ బంప్ స్టాప్‌కీ మధ్య మిగిలిందెంతో, మీ దగ్గరున్న నిల్వ అంత.

నా చవక కాయిలోవర్ మీద ఈ పరీక్ష చేస్తే ముందు రెండు షాకుల మీదా టై వెళ్లి బంప్ స్టాప్ లోపలికి దూరిపోయింది. ఇంటి నుంచి మొదటి సిగ్నల్ దాకా వెళ్లొచ్చానంతే! అంటే నేను రోజూ నడిపింది 10 కేజీల స్ప్రింగు మీద కూడా కాదు, గట్టి నురుగు ముక్క మీద.

మొదటి రెండు తరాల మియాటాలో ఇది మొదటి నుంచీ ఉన్న ఇబ్బందే, కంపెనీ ఇచ్చిన ఎత్తులోనే చక్రం పైకి లేవడానికి చోటు తక్కువ. రెండు అంగుళాలు దించితే ఇంకేం మిగులుతుంది? కాబట్టి మొదట కారుని పైకి లేపండి. ఎత్తుని నేల నుంచి కాకుండా చక్రం మధ్య బిందువు నుంచి పైనున్న ఫెండర్ (మడ్‌గార్డ్) అంచు దాకా కొలవండి, అప్పుడు టైరు అరుగుదల లెక్కలోకి రాదు. నా కారు ఇప్పుడు 13 అంగుళాల దగ్గర ఉంది. రోడ్డు మీద నడిపే కారు 12.5 కంటే కిందకి వద్దు అంటాను. ఆ అర అంగుళం ఫొటోలో ఎవరికీ కనిపించదు, నడుముకి మాత్రం తెలుస్తుంది.

బంప్ స్టాప్‌ని కూడా చిన్నచూపు చూడొద్దు. మంచిదైతే తగలగానే మెత్తగా మొదలై నెమ్మదిగా గట్టిపడుతుంది, చవక సెట్‌తో వచ్చేది రబ్బరు గడ్డ. చాలామంది చోటు కోసం దాన్ని పూర్తిగా తీసేస్తారు, ఆ పని మాత్రం చేయకండి, అప్పుడు ఇనుము ఇనుముని కొడుతుంది, షాకు పగిలిపోతుంది. మైక్రోసెల్యులర్ యూరిథేన్ అనే నురుగుతో చేసిన పొట్టి స్టాపులు దొరుకుతాయి, అవి వేసుకోండి. మొదటి తరం కారు ఉన్నవాళ్లు రెండో తరం షాకుల పైకప్పులు, అంటే ఎన్‌బీ టాప్ హ్యాట్‌లు, తెచ్చుకుని వేసుకుంటారు, దాంతో కొంత చోటు కలిసొస్తుంది. పాత విడిభాగాల యార్డులో చవకగా దొరికే సరుకు, దొరికితే వదలకండి.

ఈ చోటు సంగతి కార్ల కంపెనీలకి తెలియక కాదు. 2017లో ఫ్రాన్సువాళ్లు తెచ్చిన ఆల్పైన్ ఎ110 చూడండి, స్ప్రింగులు మెత్తవి, చివర్లో కొట్టుకోకుండా హైడ్రాలిక్ బంప్ స్టాపులు పెట్టారు, కారు బరువు 1,100 కేజీల చుట్టుపక్కలే. గతుకుల రోడ్డు మీద హాయిగా పోతుంది, మలుపుల్లోనూ తక్కువేం తినలేదు. లోటస్ వాళ్లది 1960ల నాటి ఎలాన్ నుంచీ ఇదే దారి, మెత్తటి స్ప్రింగు, దాన్ని అదుపులో పెట్టే మంచి షాకు.

ఇక స్ప్రింగ్ ఎంచుకోవడం. ఇక్కడ అందరూ చేసే పొరపాటు, వేరే కారువాడు "నాది 6 కేజీలు, బానే ఉంది" అంటే అదే అంకె తెచ్చి మన కారుకి వేయడం. స్ప్రింగు చక్రానికి నేరుగా తగిలి ఉండదు. మియాటా ముందు భాగంలో చక్రం 10 మిల్లీమీటర్లు లేస్తే స్ప్రింగు నలిగేది సుమారు 7. ఈ 0.7ని దానితోనే గుణించాలి, 0.49 వస్తుంది, అంటే చక్రం దగ్గర తగిలే గట్టిదనం స్ప్రింగు అంకెలో సగమే. టొయోటా జీఆర్86 లాంటి కార్లలో ముందు మాక్‌ఫెర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసి చక్రం పక్కనే నిలబడే అమరిక) ఉంటుంది, అక్కడ స్ప్రింగు దాదాపు చక్రంతో సమానంగా కదులుతుంది, కాబట్టి ఆ కారులో 6 కేజీలు అంటే మియాటాలో 12 లాంటిది.

అందుకే కేజీలు పక్కన పెట్టి, కారు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో చూడండి, దాన్నే హెర్ట్జ్‌లలో చెప్తారు. లెక్క ఇది: చక్రం దగ్గరి గట్టిదనాన్ని, మీటరుకి న్యూటన్లలో, ఆ మూల మీద పడే బరువుతో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగించాలి. బరువంటే చక్రం, బ్రేకు లాంటివి తీసేసి. నా కారు ముందు మూల సుమారు 250 కేజీలు. కంపెనీ స్ప్రింగు మిల్లీమీటరుకి 3 కేజీలు అనుకుంటే 1.2 హెర్ట్జ్ వస్తుంది. నేను వేసిన ఆ 10 కేజీలది 2.2. మామూలు కుటుంబ కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి, స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 మధ్య, 2 దాటిందంటే అది రేస్ ట్రాక్ సరుకు. నేను వారం వారం క్రెసన్‌లో ఉన్న మోటార్‌స్పోర్ట్ రాంచ్‌కి వెళ్లేవాణ్ణయితే 2.2 న్యాయమే, నేను వెళ్లేది ఏడాదికి రెండుసార్లు, మిగతా రోజులంతా ఆఫీసు, పిల్లాడి స్విమ్మింగ్ క్లాసు.

రోడ్డు కోసమైతే ముందు 1.6 చుట్టూ ఉంచి, వెనక దానికంటే కొంచెం ఎక్కువ పెట్టండి. ఎందుకంటారా, గతుకు ముందు చక్రాలకి మొదట తగులుతుంది, వెనక చక్రాలకి కాసేపాగి తగులుతుంది. మియాటా రెండు ఇరుసుల మధ్య దూరం 2,265 మిల్లీమీటర్లు, గంటకి వంద కిలోమీటర్ల వేగంలో ఆ "కాసేపు" అంటే సెకనులో 8 శాతం. వెనక భాగం ఆలస్యంగా మొదలైంది కాబట్టి కాస్త త్వరగా ఊగితే ముందు భాగాన్ని అందుకుంటుంది, కారు ముక్కు పైకీ కిందకీ కొట్టుకోకుండా సమంగా లేచి సమంగా దిగుతుంది. ఈ కిటుకు 1930లలో క్యాడిలాక్‌లో పనిచేసిన మారిస్ ఒలీ కాలం నుంచీ ఇంజనీర్లు వాడుతున్నదే. మరీ ఎక్కువ మాత్రం వద్దు, మియాటాలో మనం కూర్చునేదే వెనక ఇరుసుకి కాస్త ముందు, వెనక స్ప్రింగు గట్టిదనం నేరుగా వెన్నుపూసకి తెలుస్తుంది. నేను ముందు 5.5, వెనక 4.5 కేజీల దగ్గర ఆగాను, లెక్కకి ముందు 1.64, వెనక 1.7 వస్తుంది.

పాత స్ప్రింగుని కోసి కారుని దించే పద్ధతి ఒకటుంది, హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు కూడా తన హ్యాచ్‌బ్యాక్‌కి చేయిస్తానన్నాడు. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది నిజమే, కానీ చోటు అంతకంటే ఎక్కువ పోతుంది, చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు గిన్నెలోంచి జారే ప్రమాదమూ ఉంది. పైగా మన కాలనీ స్పీడ్ బ్రేకర్లు! వద్దురా అన్నాను.

షాకు మీద మాత్రం పిసినారితనం చేయకండి, ఉన్న డబ్బులో పెద్ద వాటా దీనికే. నేను కోనీ పసుపు రంగువి వేసుకున్నాను, బిల్‌స్టైన్ కూడా మంచిదే, చేతిలో డబ్బు బాగా ఉంటే ఓలిన్స్ ఉండనే ఉంది. చవక సెట్ డబ్బా మీద "32 క్లిక్కులు" అని రాసి ఉంటుంది, నా దాంట్లో మొదటి క్లిక్కుకీ ఇరవయ్యో క్లిక్కుకీ తేడా నాకైతే తెలియలేదు, చివరి నాలుగైదు మాత్రం రాయి. కోనీ పసుపు దాంట్లో మనం సర్దగలిగేది రీబౌండ్ ఒక్కటే, అంటే నలిగిన స్ప్రింగు తిరిగి సాగే వేగాన్ని ఆపడం. అది చాలు, రోజువారీ కారుకి అంతకంటే తలనొప్పి వద్దు.

సర్దే పద్ధతి చెప్తాను. ఒక దారి ఎంచుకోండి, పది పదిహేను నిమిషాలది, అందులో కాంక్రీటు అతుకులు, ఒక రైలు పట్టాల క్రాసింగ్, మధ్యలో గతుకున్న ఒక మలుపు, కారు తేలిపోయేలాంటి ఒక ఎత్తు ఉండాలి. షాకులు పూర్తిగా మెత్తవైపు తిప్పి మొదలుపెట్టండి. ఎత్తు దిగాక కారు పడవలా ఇంకా ఊగుతోందా, పావు చుట్టు బిగించండి, మళ్లీ అదే దారి. ఆ ఊగుడు ఒక్కసారితో ఆగిపోయిన చోట మీరూ ఆగిపోండి. ఒకసారికి ఒక్క మార్పే, ముందూ వెనకా కలిపి తిప్పకండి, ఫోన్‌లో రాసి పెట్టుకోండి. నేను రాసుకోకుండా ఒక శనివారమంతా తిప్పి, సాయంత్రానికి ఎక్కడ మొదలుపెట్టానో కూడా మర్చిపోయాను.

రీబౌండ్ ఎక్కువైందని ఎలా తెలుస్తుందంటే, వరసగా వచ్చే అతుకుల మీద మొదటిది మామూలుగా, రెండోది కొంచెం గట్టిగా, నాలుగోది దబ్బుమని తగులుతుంది. చక్రం తిరిగి కిందకి దిగేలోపే తర్వాతి అతుకు వచ్చేస్తోందన్నమాట, ఒక్కో అతుక్కీ కారు కొంచెం కొంచెం కిందకి కూరుకుపోయి చివరికి బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. జనం దీన్ని చూసి స్ప్రింగు గట్టిదని మెత్తటిది కొంటారు, అప్పుడు ఇంకా ఘోరం. మొదట షాకుని పావు చుట్టు వదులు చేయండి.

ఒరుగుడు ఇంకా ఎక్కువనిపిస్తే స్ప్రింగు జోలికి పోకుండా మొదట యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి చక్రాలని కలిపి ఒరుగుడు తగ్గించే ఇనుప కడ్డీ) మార్చండి. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే ఈ బార్ ఏ పనీ చేయదు కాబట్టి అతుకుల మీద హాయి పోదు. గట్టిదనం బార్ లావుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, 19 మిల్లీమీటర్ల బార్ బదులు 22ది వేస్తే 1.8 రెట్లు. కానీ ఒక్క చక్రమే గుంతలో పడితే రెండో వైపుని కూడా లాగుతుంది, తల అటూ ఇటూ విసిరినట్టు అవుతుంది, అందుకని ముందు వైపు బార్ ఒక్కటే మార్చి చూడండి.

సీటు నురుగు మీద కూడా ఓ కన్నేయండి. పొడుగ్గా ఉన్నవాళ్లు తల పైకప్పుకి తగలకూడదని మియాటా సీటులో నురుగు చెక్కేస్తారు. సెకండ్ హ్యాండ్ కారు కొంటే సీటు కవరు తీసి చూసుకోండి, ఇంకొకరు చెక్కేసిన సీటు మీద కూర్చుని మీరు షాకులు మారుస్తూ ఉండొచ్చు.

అన్నీ అయ్యాక అలైన్‌మెంట్. మీరు కూర్చునే సీటులో మీ బరువంత మూట, మా ఇంట్లోవైతే సోనా మసూరి బియ్యం బస్తాలు, పెట్టి చేయించండి, ఇంత తేలిక కారులో మనిషి బరువుకే ఎత్తు మారుతుంది. ముందు క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికో బయటికో వాలే కోణం) మైనస్ 1 డిగ్రీ, వెనక మైనస్ 1.5, ముందు టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) సున్నా, వెనక కాస్త లోపలికి. టో ఎక్కువ పెడితే కాంక్రీటు గాళ్లలో కారు తోకాడిస్తుంది, అది కూడా అలసటే. షాపులో "స్పెక్‌లోనే ఉంది సార్" అంటే ఒప్పుకోకుండా ఈ అంకెలు కాగితం మీద రాసి చేతికివ్వండి. కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల మైళ్లలో కొద్దిగా దిగుతాయి, కాబట్టి అయిదు వందలు తిరిగాక ఫెండర్ ఎత్తు మళ్లీ కొలిచి, జిప్ టై ఇంకోసారి కిందకి జరిపి చూడండి. నాది పోయిన వారం చూశాను, అదే ఆఫీసు దారిలో బంప్ స్టాప్‌కి ఇంకా 15 మిల్లీమీటర్లు మిగిలి ఉంది.